క్షమాపణ దొరికాక కూడా పాప ఫలితాలు ఎందుకు మిగులుతాయి? అన్నయ్య విషయంలో సలహా కావాలి

వేకువచుక్క (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాన్నగారు మంచం పట్టిన రోజుల్లో మా అన్నయ్య ఆయనతో కొన్ని కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. ఆస్పత్రి పనుల కోసం అన్నాడు. నాన్నగారు పోయాక తెలిసింది, ఉన్న ఒక్క ఇల్లూ అన్నయ్య పేరు మీదకి మారిపోయిందని. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఆ ఇంట్లోంచి వచ్చేసే రోజు అమ్మ తన కుట్టుమిషన్ తెచ్చుకుంటానంటే, అది ఇంటి సామానుతో పాటు ఉండాల్సిందే అని వదిన అడ్డం పడింది. అన్నయ్య గుమ్మంలోనే ఉన్నాడు. నేల చూస్తూ నిలబడ్డాడు తప్ప నోరు విప్పలేదు. ఇల్లు పోయినందుకన్నా ఆ నిమిషమే నన్ను ఎక్కువ తినేస్తుంటుంది.

ఇప్పుడు అన్నయ్య మారాడు. నాటకం ఆడుతున్నాడని నేను అనను. తాగుడు మానేశాడు, ఇంట్లో మాట తీరు మారిందని పిల్లలే చెబుతున్నారు. బాప్తిస్మం తీసుకున్నాడు. ఆమధ్య సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాడు, నా పాత బతుకంతా ప్రభువు కడిగేశాడు, పాతవి గతించాయి అని. అందరూ స్తోత్రం అన్నారు, అమ్మ ఏడ్చేసింది. నాకు మాత్రం గొంతు పెగల్లేదు. ఎందుకంటే ఇల్లు ఇంకా అన్నయ్య పేరు మీదే ఉంది. ఆ సంగతి సాక్ష్యంలో లేదు, మా దగ్గరా ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత అమ్మ ద్వారా కబురు పంపాడు: "దేవుడే క్షమించాడు, చెల్లి క్షమించదా?" అని. ఒక్కసారి వెళ్ళి కౌగిలించుకో అని అమ్మా అడుగుతోంది. ఆ మాట విన్నప్పటి నుంచీ నిద్ర లేదు. దేవుడు క్షమించిన పాపానికి ఇంకా ఫలితం అనుభవించాలని కోరుకోవడం తప్పా? నేను వెళ్ళి కౌగిలించుకోకపోతే నాదే పాపం అవుతుందా? కొత్త ఆరంభం అంటే పాతది ఎవరూ ఎత్తకపోవడమేనా? వాక్యం బాగా చదివినవాళ్ళు చెప్పండి.

ముసలి_కాపరి

అమ్మా, వందనాలు. నీ మొదటి ప్రశ్నకి దావీదు దగ్గరికి వెళ్దాం. రెండో సమూయేలు 12వ అధ్యాయం. ఒకరి భార్య బత్షెబను తీసుకుని, ఆమె భర్తను చంపించాడు దావీదు రాజు. నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాక దావీదు ఒక్క ముక్క అంటాడు, నేను పాపం చేశాను అని. సాకులు లేవు. వెంటనే, అదే 13వ వచనంలో, నీవు చావకుండా యెహోవా నీ పాపాన్ని పరిహరించాడని నాతాను చెబుతాడు. క్షమాపణ రావడానికి ఒక్క వచనం కూడా పట్టలేదు. కానీ ఆ పైనే, 10, 11 వచనాల్లో పలికిన మాటలు అలాగే ఉన్నాయి. ఖడ్గం నీ ఇంటిని విడవదు, నీ ఇంటిలోనుంచే నీకు కీడు పుడుతుంది. క్షమాపణ ఆ మాటల్ని రద్దు చేయలేదు. 13వ అధ్యాయం తెరవగానే అవి నెరవేరడం మొదలవుతుంది.

ఇది దావీదు ఒక్కడి విషయం కాదు. సంఖ్యాకాండం 14లో ఇశ్రాయేలు జనం తిరగబడినప్పుడు మోషే బతిమాలుకుంటాడు. 20వ వచనంలో దేవుడు నీ మాట చొప్పున క్షమించాను అంటాడు. 23కి వచ్చేసరికి, వాళ్ళు నేను వాగ్దానం చేసిన దేశాన్ని చూడరు అంటాడు. మూడు వచనాల తేడాలో రెండు మాటలూ ఆయనవే. 99వ కీర్తన 8వ వచనం కూడా చూడు. వాళ్ళ క్రియలకి ప్రతికారం చేస్తూనే పాపం పరిహరించిన దేవుడని ఆయన్ని పొగుడుతుంది. ఫిర్యాదు చేయడం లేదు సుమా, ఆరాధిస్తోంది.

కాబట్టి ఫలితం మిగిలితే క్షమాపణ రాలేదని అర్థం కాదు. క్షమాపణ వచ్చింది గనక ఫలితం తుడిచిపెట్టుకుపోవాలనీ కాదు. నీ మిగతా రెండు ప్రశ్నలకి ఇంకా ఆలోచించి రాస్తాను.

సీయోను_పిలుపు

సిస్టర్, బాధ అర్థమైంది. కానీ ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. క్రీస్తుయేసునందు ఉన్నవారికి ఏ శిక్షావిధీ లేదని రోమా 8:1 చెబుతుంటే మనం ఇంకా ఫలితం, ఫలితం అంటున్నామంటే సిలువ సరిపోలేదనా? హెబ్రీ 10:17లో వాళ్ళ పాపాలను ఇక ఎన్నడూ జ్ఞాపకం చేసుకోను అంటాడు. ఆయనే జ్ఞాపకం చేసుకోనిదాన్ని మనం ఫైలు కట్టి దాచుకోవచ్చా? ఏడుసార్లు క్షమిస్తే చాలా అని పేతురు అడిగితే డెబ్బై ఏళ్ళ మారులు (డెబ్బై సార్లు ఏడు) అన్నాడు ప్రభువు. అక్కడ "వాడు ఇల్లు తిరిగి ఇస్తే" అన్న షరతు లేదు. ఇల్లు పోతే పోయింది. ఆత్మ దక్కింది కదా. నా మాట వినండి, వెళ్ళి కలవండి.

నిబ్బరం

సీయోను_పిలుపు బ్రదర్, "ఇల్లు పోతే పోయింది" అని ఆ మాట అనగలిగేది ఇల్లు పోగొట్టుకున్న మనిషి ఒక్కరే. బయటివాళ్ళం మనం అనకూడదు.

నా సంగతి చెబుతాను. నా భర్త జూదంలో పడి, నా తోబుట్టువుల దగ్గర నా పేరు చెప్పి అప్పులు చేశాడు. నాకు ఆపరేషన్ అని చెప్పి తీసుకున్నాడు. నాకు ఏ ఆపరేషనూ లేదు. విషయం బయటపడ్డాక మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. నేను క్షమించాను. ఆ రోజే క్షమించానని చెప్పగలను, దేవుడి ముందు కూడా. కానీ ఏటీఎం కార్డు తిరిగి ఇవ్వలేదు. అదేంటి క్షమించానన్నావుగా అని మా అత్తగారు నిలదీశారు. క్షమించాను గనకే ఇంకా ఇదే ఇంట్లో ఉన్నాను అత్తయ్యా, నమ్మకం మాత్రం ఆయన మళ్ళీ సంపాదించుకోవాలి అన్నాను.

ఆయన ఏం చేశాడో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఒక నోటుపుస్తకం తీసుకుని ఎవరెవరి దగ్గర ఎంతెంత, ఏ అబద్ధం చెప్పి తీసుకున్నాడో అన్నీ వరసగా రాశాడు. నాకు తెలియనివి కూడా రాశాడు. మా చెల్లెలి పేరు దగ్గర చాలాసేపు పెన్ను ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కళ్ళ ఇంటికీ స్వయంగా వెళ్ళాడు. కొందరు లోపలికి రానివ్వలేదు. అయినా మళ్ళీ వెళ్ళాడు. నాకు నమ్మకం మొదలైంది ఆ పుస్తకం చూశాక. ఆయన కన్నీళ్ళు చూసినప్పుడు కాదు.

అన్నీ బాగుపడ్డాయని కూడా చెప్పను. మా పెద్దవాడు ఇప్పటికీ తన డబ్బులు పుస్తకాల మధ్య దాచుకుంటాడు. తండ్రి గదిలోకి వస్తే ఆ పుస్తకం మీద చెయ్యి వేస్తాడు. తెలిసి చేస్తాడో తెలియక చేస్తాడో. అది చూసి ఆయన ఏమీ అనడు, బయటికి వెళ్ళిపోతాడు. వాడిని కోప్పడే హక్కు తనకి లేదని ఆయనకి తెలుసు. పాపం ఫలితం అంటే మా ఇంట్లో అదీ.

వేకువచుక్క

నిబ్బరం అక్కా, మీ మాటలు చదివి ఏడ్చాను. నాకూ అదే కావాలి, ఒక్క నోటుపుస్తకం. ఇల్లు మొత్తం రాసివ్వమని నేను పట్టుబట్టడం లేదు. ఇది చేశాను అని ఒక్కసారి నోటితో అంటే చాలు అనిపిస్తుంది చాలాసార్లు.

ఐగుప్తు_దారి

యోసేపు గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఇంట్లో ద్రోహం అనగానే ముందు గుర్తుకు రావాల్సిన మనిషి. అందరం ఆదికాండం 45వ అధ్యాయంలో కౌగిలింత దగ్గరికి దూకేస్తాం. మధ్యలో ఉన్న 42, 43, 44 వదిలేస్తాం. అసలు విషయమంతా అక్కడే ఉంది.

లెక్క చూడండి. సొంత అన్నల చేతిలో ఇరవై వెండి నాణేలకి అమ్ముడుపోయినప్పుడు అతనికి సుమారు 17 ఏళ్ళు. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడి అధికారి అయినప్పుడు 30. తర్వాత ఏడేళ్ళ పంట, రెండేళ్ళ కరువు. అంటే అన్నలకి తనెవరో చెప్పేనాటికి దాదాపు 39. ఇరవై ఏళ్ళకి పైగా గడిచాయి. వాళ్ళు ధాన్యం కోసం వచ్చి సాగిలపడగానే యోసేపు గుర్తుపట్టాడు, కానీ చెప్పలేదు. అనువాదకుణ్ణి మధ్యలో పెట్టి మాట్లాడాడు. తమ్ముడి విషయంలో మనం అపరాధులం, అతను బతిమాలుకుంటుంటే వినలేదు అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటుంటే విని, పక్కకి వెళ్ళి ఏడ్చాడు. ఏడ్చి, తిరిగొచ్చి, అన్నల్లో ఒకడైన షిమ్యోనును వాళ్ళ కళ్ళముందే బంధించాడు. ప్రేమ లేకనా? ప్రేమ ఉంది గనకే ఏడ్చాడు. కానీ వాళ్ళు ఇంకా అదే మనుషులా కాదా అన్నది తేలాలి.

అందుకే తమ్ముడు బెన్యామీను గోనెలో తన గిన్నె పెట్టించి, దొంగతనం నెపం మోపాడు. పరిస్థితి అచ్చం వెనకటిదే. రాహేలు కొడుకు, తండ్రికి ముద్దుబిడ్డ, వదిలేసి వెళ్ళిపోతే వీళ్ళకి ఏ నష్టమూ లేదు. అప్పుడు ముందుకొచ్చింది ఎవరు? యూదా. ఆ అన్నల్లో ఒకడు. 37వ అధ్యాయంలో యోసేపుని అమ్మేద్దామన్న సలహా ఇతనిదే. అదే మనిషి 44:33లో ఈ చిన్నవాడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకో అంటాడు. ఆ మాట విన్నాకే యోసేపు ఇక తట్టుకోలేకపోయాడు.

వేకువచుక్క గారు, మీరు ఎదురుచూస్తున్నది ఆ యూదా మాట కోసం. దాన్ని పగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి. తండ్రి యాకోబు ఐగుప్తులో 17 ఏళ్ళు బతికాడు. అన్నేళ్ళు తమ్ముడి నీడలో క్షేమంగా తిని బతికి కూడా, తండ్రి పోగానే అన్నలు వణికిపోయారు, యోసేపు ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమో అని (50:15). క్షమించబడ్డారు, కానీ క్షమించబడ్డామని నమ్మలేకపోయారు. ఆ మాట విని యోసేపు మళ్ళీ ఏడ్చాడు. చేసినవాళ్ళ లోపల కూడా ఫలితం ఎంతకాలం ఉంటుందో చూడండి.

సీయోను_పిలుపు

యోసేపు విషయం బాగా చెప్పారు బ్రదర్, ఒప్పుకుంటున్నాను. కానీ ప్రభువు పక్కన సిలువ మీద ఉన్న దొంగ సంగతి? అతను ఎవరికీ ఏదీ తిరిగి ఇవ్వలేదు. ఇవ్వడానికి చేతులు కూడా ఖాళీ లేవు. అయినా నేడు నాతో పరదైసులో ఉంటావు అన్నాడు ప్రభువు.

ముసలి_కాపరి

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆ దొంగనే ఇంకాస్త దగ్గరగా చూద్దాం. ప్రభువు పరదైసు ఇచ్చాడు, సిలువ మీది నుంచి మాత్రం దించలేదు. అదే రోజు కాళ్ళు విరగ్గొట్టారు. అతను కూడా దించమని అడగలేదు. అడిగింది రెండోవాడు: నిన్ను నీవు రక్షించుకో, మమ్మల్నీ రక్షించు అని. ఇతను మాత్రం, మనకైతే ఇది న్యాయమే, చేసినదానికి తగ్గ ఫలం పొందుతున్నాం అన్నాడు (లూకా 23:41). ఆ మాట తర్వాతే ప్రభువా నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు. చేతులు ఖాళీ లేకపోయినా నోరు ఖాళీగానే ఉంది, దానితో చేయగలిగింది చేశాడు.

చేతులు ఖాళీగా ఉన్నవాడు పన్నులు వసూలు చేసే జక్కయ్య. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి అన్నాడు. ప్రభువు అడగలేదు, ఆయన్ని ఇంట్లోకి చేర్చుకున్న సంతోషంలో తనంతట తనే అన్నాడు. తిరిగి ఇచ్చి రక్షణ కొనుక్కోలేదు. రక్షణ వచ్చిన ఇంట్లో దొంగసొమ్ము ఇమడలేదు, అంతే.

ధర్మశాస్త్రంలో కూడా వరస గమనించండి. లేవీయకాండం 6వ అధ్యాయం మొదట్లో, పొరుగువాణ్ణి మోసగించినవాడు మూలధనం పూర్తిగా తిరిగి ఇచ్చి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఎప్పుడు? అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజునే. మత్తయి 5:23, 24లో ప్రభువు చెప్పిందీ ఇదే తీరు. బలిపీఠం దగ్గర నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళు అన్నాడు. సాక్ష్యం చెప్పడానికి మైకు ముందుకు వెళ్ళేవాడు ముందు చెల్లెలి గుమ్మం దాకా వెళ్ళాలి. ఆ మాట అతనికి ఎవరో ఒకరు ప్రేమగా చెప్పాల్సింది. సంఘ పెద్దలుగా మేము చాలాసార్లు ఈ పని చేయం. మారినవాడు దొరికిన సంతోషంలో, అతని చేతిలో గాయపడ్డవాళ్ళు ఏ వరసలో కూర్చున్నారో చూడం.

కొత్తచిగురు

నాకు డౌట్. ఇదంతా సరే, పిల్లల సంగతేంటి? దావీదు పాపానికి పసిబిడ్డ చనిపోవడం చదివినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. చేసింది తండ్రి, పోయింది బిడ్డ. ఇది ఎలా న్యాయం?

వేకువచుక్క

నేనూ ఇదే అడుగుదామనుకున్నాను. అన్నయ్యకి ఇద్దరు ఆడపిల్లలు. నన్ను చూస్తే అత్తా అని వచ్చి మెడ పట్టుకుంటారు. వాళ్ళకి ఏమీ తెలియదు. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా అని నిర్గమకాండంలో చదివినప్పుడు నాకు ముందు ఆ పిల్లలే గుర్తొస్తారు. వాళ్ళకి ఏమీ కాకూడదు.

ముసలి_కాపరి

కొత్తచిగురూ, దావీదు బిడ్డ విషయంలో నేను నీకు నున్నగా సమాధానం చెప్పలేను. ఏడు రోజులు నేలమీద పడి ఉపవాసం చేసిన ఆ తండ్రికే సమాధానం దొరకలేదు. నేను వాడి దగ్గరికి పోతాను గానీ వాడు నా దగ్గరికి రాడు అన్న మాట ఒక్కటే మిగిలింది. దాని ముందు నేను మౌనంగానే ఉంటాను.

అయితే నేరం వేరు, దెబ్బ వేరు. నేరం తండ్రి నుంచి పిల్లలకి మారదు. కుమారుడు తండ్రి దోషాన్ని భరించడని యెహెజ్కేలు 18:20 తేల్చి చెప్పింది. కానీ దెబ్బ తగులుతుంది. ఇంట్లో ఒకడు పడితే పక్కన ఉన్నవాళ్ళకి దెబ్బ తగలకుండా ఎలా ఉంటుంది? ఇక నిర్గమ 20లో 5వ వచనం దగ్గరే ఆగిపోకమ్మా. 6వ వచనంలో కరుణ వేయి తరాల దాకా అని ఉంది. మూడు నాలుగు ఎక్కడ, వేయి ఎక్కడ. ఆ పిల్లలు నీ మెడ పట్టుకుంటే పట్టుకోనివ్వు. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా అత్త అత్తే.

ఐగుప్తు_దారి

ఈ సందర్భంలో అబ్షాలోము కథ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే వేకువచుక్క గారి అమ్మగారు అడుగుతున్న "ఒక్కసారి వెళ్ళి కౌగిలించుకో" అన్నదానికి అదే జవాబు.

రెండో సమూయేలులోనే ఉంది. దావీదు పెద్ద కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును పాడు చేశాడు. దావీదుకి బాగా కోపం వచ్చింది అని 13:21లో ఉంది. ఆ తర్వాత? ఏమీ లేదు. కోపం వచ్చింది, అంతే. తనే బత్షెబ విషయంలో దోషి, ఏ ముఖంతో కొడుకుని నిలదీస్తాడు అనిపించిందేమో. ఆ సంగతి వాక్యం చెప్పదు. తామారు తన సొంత అన్న అబ్షాలోము ఇంట్లో దిక్కులేనిదానిలా ఉండిపోయింది. అబ్షాలోము రెండేళ్ళు మంచీ చెడూ ఏదీ మాట్లాడలేదు. రెండేళ్ళ తర్వాత అమ్నోనును చంపించాడు. పారిపోయి గెషూరు దేశంలో మూడేళ్ళు. దావీదు సేనాధిపతి యోవాబు తంటాలు పడి తిరిగి రప్పిస్తే, యెరూషలేములోనే ఇంకో రెండేళ్ళు తండ్రి ముఖం చూడలేదు. చివరికి 14:33లో రాజు అతన్ని పిలిపించి ముద్దు పెట్టుకున్నాడు.

అక్కడ అధ్యాయం అయిపోతుంది. సినిమా అయితే శుభం కార్డు పడేది. కానీ 15వ అధ్యాయం మొదటి వచనంలోనే రథాలు, గుర్రాలు, ఆ వెనకే తిరుగుబాటు. ఎందుకు? ఆ ముద్దు ముందు ఒక్క మాట కూడా జరగలేదు. తామారు పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్నోను పేరు ఎత్తలేదు. దావీదు నేను నీ చెల్లెలికి న్యాయం చేయలేదు అనలేదు, అబ్షాలోము నేను నీ కొడుకుని చంపాను అనలేదు. లోపల కుళ్ళుతున్నది అలాగే ఉండగా పైన ముద్దు పెట్టారు.

ఆ తిరుగుబాటులో అబ్షాలోముకి సలహాదారు అహీతోపెలు. దావీదుకి ఆంతరంగికుడు. 11:3లో బత్షెబ తండ్రి ఏలీయాము. 23:34లో అహీతోపెలు కొడుకు పేరు కూడా ఏలీయామే. ఇద్దరూ ఒకరే అయితే (చాలామంది వ్యాఖ్యాతలు అలాగే అనుకుంటారు) ఆయన బత్షెబకి తాత. తాత ఎన్నేళ్ళు ఆ సభలో కూర్చుని ఎవరితోనూ అనకుండా మోశాడో! తండ్రి ఉపపత్నులతో శయనించమని అతను అబ్షాలోముకి ఇచ్చిన మొదటి సలహా అమలు జరిగింది మేడమీదే. దావీదు పాపం మొదలైందీ మేడమీద నడుస్తుండగానే.

అందుకని అమ్మగారి కోరిక తప్పు అనను. తల్లి మనసు అది. కానీ మాట్లాడుకోకుండా పెట్టే ముద్దు ఆ ఇంటిని ఒకసారి ముంచేసింది.

నిబ్బరం

చాలా బాగా చెప్పారు. ఒక్క హెచ్చరిక మాత్రం కలపాలి, గాయపడ్డవాళ్ళలో నేనూ ఒకదాన్ని గనక. ఫలితం ఉండాలి అన్న మాట మన చేతిలో కర్రలా మారిపోగలదు. మొదట్లో ఆయన కొంచెం నవ్వినా నాకు మండేది, నీకు నవ్వే హక్కు ఎక్కడిది అనిపించేది. కొరింథులో తప్పు చేసిన ఒకడి గురించి పౌలు రాస్తూ, ఇక చాలు, అతన్ని క్షమించి ఓదార్చండి, లేకపోతే అధిక దుఃఖంలో మునిగిపోతాడు అంటాడు (2 కొరింథీ 2:7). మునిగిపోయే మనిషిని చూస్తూ నిలబడటం న్యాయం కాదు. యోసేపు కూడా నేను దేవుడి స్థానంలో ఉన్నానా అని అడిగాడు. ఫలితాలు ఎంత, ఎన్నాళ్ళు అన్నది పూర్తిగా మన చేతిలో ఉంటే మనం మంచివాళ్ళుగా మిగలం.

సీయోను_పిలుపు

ఇదే నేను చెప్పాలనుకున్నది, సరిగ్గా చెప్పలేకపోయాను. థాంక్స్ అక్కా. ఇంకో మాట. ఇవ్వాలనుకున్నా ఇవ్వలేని పరిస్థితి ఉంటే? ఆ ఇంటి మీద అప్పు ఉందేమో, అన్నయ్య గారికి వేరే దారి లేదేమో.

ఐగుప్తు_దారి

అలాంటప్పుడు ఫిలేమోను పత్రిక చదవాలి. ఒనేసిము తన యజమాని ఫిలేమోను దగ్గర నుంచి వెళ్ళిపోయిన దాసుడు, మారాడు. పౌలు అతన్ని తన దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. అయినా తిరిగి పంపాడు. అతను నీకు ఏదైనా నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే, అది నా లెక్కలో వేయి, పౌలనే నేను స్వహస్తంతో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అన్నాడు. బాకీ లేదనలేదు, మర్చిపో అనలేదు. ఎవరో ఒకరు భరించాలి గనక నేను భరిస్తాను అన్నాడు. అన్నయ్య గారు ఇవ్వలేకపోతే ఆ సంగతి ఆయన నోటితో చెప్పాలి. ఆ నష్టాన్ని అప్పుడు చెల్లెలు తనే భరించొచ్చు, ఆమె ఇష్టపడితే. కానీ అది ఆమె ఇచ్చే కానుక అవుతుంది. ఆమెకి తెలియకుండా లాక్కున్నదాన్ని కానుక అనలేం.

గుమాస్తా_మాట

రిజిస్ట్రేషన్, వేలిముద్రలు, చెల్లుబాటు లాంటివి ఇక్కడ తేలవు. కాగితాల నకళ్ళు తీసుకుని ఒక లాయరుకి చూపించండి. కోర్టుకి వెళ్ళాలని కాదు. మీ అమ్మగారికి ఏ హక్కు ఉందో తెలియకుండా ఏం వదులుకుంటున్నారో మీకే తెలియదు. ఎదురు చూసేకొద్దీ గడువులు కూడా దాటిపోవచ్చు.

ముసలి_కాపరి

మంచి సలహా. సహోదరుడి మీద అవిశ్వాసుల ముందు వ్యాజ్యెమా అని 1 కొరింథీ 6 చూపించి కొందరు లాయరు దగ్గరికే వెళ్ళొద్దంటారు. ఆ అధ్యాయంలో పౌలు అడిగేది, మీలో తీర్పు తీర్చగల వివేకి ఒక్కడైనా లేడా అని. అంటే సంఘం కూర్చుని తేల్చాలి. సంఘం తేల్చకుండా, కోర్టుకీ వెళ్ళొద్దంటే బలహీనుల నోరు కట్టేసినట్టే.

అమ్మా వేకువచుక్కా, ఒక్కటి అడుగుతాను. నువ్వు అతనితో ఈ విషయం ఒక్కసారైనా ముఖాముఖి మాట్లాడావా? మత్తయి 18:15 ప్రకారం మొదటి మెట్టు అదే. నువ్వూ అతనూ ఒంటరిగా.

వేకువచుక్క

లేదండి. అంతా అమ్మ ద్వారానే నడిచింది. అన్నయ్య ముందు నిలబడితే నాకు మాట రాదు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని ఉత్తరం రాశాను, పంపలేదు. మీరందరూ చూసి చెప్పండి:

"అన్నయ్యా, నువ్వు మారినందుకు నాకు సంతోషంగా ఉంది. రోజూ నీ కోసం ప్రార్థన చేస్తున్నాను. నీ మీద పగ తీర్చుకోవాలని నాకు లేదు. కానీ జరిగింది జరగనట్టు నేను నీతో కూర్చుని నవ్వలేను. నాన్న చేత వేలిముద్రలు వేయించుకున్నప్పుడు ఆయనకి ఏం చెప్పావో నాకు తెలియాలి. అమ్మ మిషన్ అడిగినప్పుడు నువ్వు ఎందుకు మాట్లాడలేదో తెలియాలి. ఇల్లు విషయంలో నువ్వేం చేయాలనుకుంటున్నావో నీ నోటితో చెప్పు. ఇవ్వలేకపోతే ఇవ్వలేనని చెప్పు. నువ్వు ఇంత మంచి క్రైస్తవుడివి అయ్యావు గదా, ఇది నీకు కష్టం కాకూడదు. కనీసం అమ్మ కోసమైనా మాట్లాడు. నేను వింటాను."

నిబ్బరం

చాలా నిజాయితీగా ఉంది చెల్లీ. రెండు వాక్యాలు తీసేయండి. "ఇంత మంచి క్రైస్తవుడివి అయ్యావు గదా" అన్నది చదివితే పొడిచినట్టు ఉంటుంది. మీరు పొడవాలని రాయలేదని నాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఇక "అమ్మ కోసమైనా" కూడా వద్దు. ఇన్నాళ్ళూ అమ్మ మధ్యలో నలిగింది చాలు. ఇది మీ కోసం అడుగుతున్నారు, అలాగే అడగండి. మిషన్ సంగతి తప్పకుండా ఉంచండి. ఇల్లు అంటే ఆయన లెక్కల్లోకి వెళ్ళిపోతాడు. మిషన్ దగ్గర తప్పించుకోవడానికి లెక్కలు ఉండవు.

కొత్తచిగురు

అక్కా, ఆయన జవాబు ఇవ్వకపోతే? లేదా కోప్పడితే? అప్పుడు కొత్త ఆరంభం లేనట్టేనా?

ముసలి_కాపరి

అతనికి లేకపోవచ్చు, ఇప్పటికి. ఆమెకి ఎందుకు ఉండదు? సువార్త పనిలో కలిసి తిరిగిన పౌలు, బర్నబా మార్కు గురించి విడిపోయారు (అపొ. కా. 15). పంఫూలియలో వదిలేసి వెళ్ళినవాణ్ణి మళ్ళీ వెంట తీసుకెళ్ళనన్నాడు పౌలు. పని ఆగలేదు, ఇద్దరూ చెరో దారిన వెళ్ళారు. చాలా ఏళ్ళ తర్వాత అదే పౌలు చెరసాల నుంచి, మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు పరిచర్యకి ప్రయోజనకరమైనవాడు అని రాశాడు (2 తిమోతి 4:11). మధ్యలో ఆ ఏళ్ళన్నీ పట్టాయి. విడిపోయిన రోజు మార్కును తన వెంట తీసుకెళ్ళింది బర్నబా అని కూడా మర్చిపోవద్దు. మీ అన్నయ్యకి అలా పక్కన నిలబడి నిజం చెప్పే పెద్దమనిషి మీ సంఘంలో ఎవరైనా ఉన్నారా అమ్మా?

వేకువచుక్క

ఉన్నారు. అన్నయ్యకి బాప్తిస్మానికి ముందు పాఠాలు చెప్పిన పెద్దాయన. అన్నయ్య ఆయన మాట వింటాడు. ఆ రెండు వాక్యాలు తీసేసి మళ్ళీ రాశాను. ఈసారి అమ్మ చేతికి ఇవ్వను, నేనే అన్నయ్య చేతిలో పెడతాను. పెద్దాయనతో ముందే చెప్పాలా, ఉత్తరం ఇచ్చాక చెప్పాలా?

ముసలి_కాపరి

ఇచ్చాక. ముందు చెబితే పంచాయితీ పెట్టించావని అతను అనుకుంటాడు, తలుపు మూసేస్తాడు. ఉత్తరం ఇచ్చి, చదువుకోవడానికి సమయం ఇవ్వు. అక్కడే నిలబడి జవాబు అడగొద్దు. అతను మాట్లాడటానికి వస్తే ఇద్దరే కూర్చోండి. రాకపోతే అప్పుడు పెద్దాయన్ని కలిసి ఉత్తరం నకలు చూపించు, మత్తయి 18:16లో చెప్పిన సాక్షి ఆయనే అవుతాడు. లాయరు పని మాత్రం దీనితో ముడిపెట్టకుండా ఈ వారమే చూసుకో. నీ కోసం, మీ అన్నయ్య కోసం ఇద్దరి పేర్లూ కలిపి ప్రార్థిస్తాను.